గృహనిర్వహణము: ముంగిట నిలిచి అడుగని చందాలు

కలిమిలేములు కావడికుండలని పెద్దలు చెప్పుదురు. వర్తకము చెడుటయు, కొలువు పోవుటయు, సంపాదించువారు వ్యాధిగ్రస్తులై మంచము పట్టుటయు ఎవరి యింటనైనను సంభవింపవచ్చును. అట్టి దినములు వచ్చినప్పుడు గృహిణి మొట్టమొదట బియ్యపు డబ్బాను, పోపులపెట్టెను చూచును. నెయ్యి తగ్గించును, పండుగ చీరను మానుకొనును, పనిమనిషిని మానిపించి ఆ పని తానే చేసికొనును. ఇవి యామె కంటికి కనబడు వ్యయములు. నేటి సంసారములలో కంటికి కనబడని వ్యయములు మఱికొన్ని కలవు. అవి ఎవరిని అడుగకయే, ఎవరి చేతిని తాకకయే, నెలనెలకు బ్యాంకులోని సొమ్మును తీసికొనిపోవుచున్నవి. ఈ నెల వానిని గూర్చి కొంత వ్రాయ సంకల్పించితిమి.

వెనుకటి దినములలోను నెలసరి వాడుకలు లేకపోలేదు. పాలవారికిని, చాకలికిని, పత్రిక తెచ్చు కుఱ్ఱవానికిని నెలాఖరున లెక్క చూచి ఇచ్చుచుండిరి. కాని వారందఱును ముంగిట నిలిచి అడిగినవారే. చేతిలో సొమ్ము తక్కువైన నెలలో, “రేపటినుండి శేరు వలదు, అరశేరు చాలును” అని గృహిణి ఒక్కమాట చెప్పిన చాలును, ఖర్చు సగమయ్యెడిది. ఇప్పటి చందాలు అట్టివి కావు. సినిమాలు చూచుటకు, పాటలు వినుటకు, ఫోటోలు దాచుకొనుటకు ఒక్కమారు అనుమతి యిచ్చితిమేని మరల అడుగువారు లేరు. అడుగువారు లేనిచోట కాదనువారును ఉండరు. కలిమి దినములలో ఇది సౌకర్యము. లేమి దినములలో ఇది కుండకు పడిన చిల్లి.

సొమ్ము తానుగా పోవు విధము

కాదనుటకు ముందు ఈ సొమ్ము ఏ త్రోవన పోవుచున్నదో తెలియవలెను. ఫోనుద్వారా చెల్లించు యూపీఐ పద్ధతిలో ‘ఆటోపే’ అను ఏర్పాటు 2020 జూలైలో వచ్చినది. బ్యాంకు కార్డులనుండి నెలనెల పోవు చెల్లింపులకు రిజర్వుబ్యాంకు విధించిన నిబంధనలు 2021 అక్టోబరు 1 నుండి గట్టిగా అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము, సొమ్ము తీయుటకు కనీసము 24 గంటల ముందుగా ఖాతాదారునకు సందేశము పంపవలెను. ఆ చెల్లింపు వలదనుటకును, మొదట ఇచ్చిన అనుమతిని ఎప్పుడైనను ఉపసంహరించుకొనుటకును ఖాతాదారునకు హక్కు కలదు. 2022 జూన్‌లో చేసిన మార్పు వలన 15,000 రూపాయల వరకు గల చెల్లింపులు ప్రతిమారును ఓటీపీ అడుగకయే జరిగిపోవుచున్నవి.

ఇందు గృహిణి గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఆ 24 గంటల సందేశము ఎవరి ఫోనునకు వచ్చుచున్నది? తఱచుగా అది ఇంటి యజమాని ఫోనునకు వచ్చును. అప్పులవారి పిలుపులతో వేగిపోవుచున్న మనుష్యుడు 199 రూపాయల సందేశమును తెఱచి చూడడు. కావున లేమి దినములలో ఈ సందేశములను చూచు పని గృహిణి తనమీద వేసికొనుట మేలు.

పట్టిక వ్రాసికొనుట

ఒక సాయంకాలము భార్యాభర్తలిద్దఱును కూర్చుండి పట్టిక వ్రాయుడు. పెద్దపిల్లలుండినచో వారినికూడ పిలువుడు. ఏ చందా ఏ ఫోనులో నున్నదో మనకంటె వారికే బాగుగా తెలియును. వెదుకవలసిన చోట్లు నాలుగు. మొదటిది, ప్రతి ఫోనులోను ఉన్న యూపీఐ ఆప్‌లలోని ఆటోపే పుట. రెండవది, కార్డులకు సంబంధించి బ్యాంకువారు చూపు నిలుకడ అనుమతుల పుట. మూడవది, ఫోనులోని ఆప్ దుకాణపు చందాల పుట. నాలుగవది, వాయిదాల నిమిత్తమై బ్యాంకునకు వ్రాసి యిచ్చిన మాండేటులు. వీనిని శాఖకు పోయి అడిగినను చెప్పుదురు.

ఇవి చూచిన పిమ్మట గడచిన 12 నెలల ఖాతా లెక్కను తెప్పించుకొని ఒక్కొక్క పంక్తియు చదువుడు. ఒక్క నెల లెక్క చాలదు. సంవత్సరమున కొకమారు పోవు చందాలు ఆ నెల వచ్చువఱకు కనబడవు. వచ్చిననాడు వేయియు పదునైదువందలును ఒక్కసారిగా పోవును.

ఆప్‌ను ఫోనునుండి తీసివేసినంత మాత్రమున చందా ఆగిపోదు. ఇది యనేకులు పొరబడు విషయము. అనుమతిని రద్దు చేసి, రద్దయినట్లు వచ్చిన సందేశమును దాచుకొనవలెను. చేరుట సులభముగాను, విడుచుట దుర్లభముగాను చేసి వినియోగదారులను చిక్కించుకొనుట తప్పని కేంద్ర ప్రభుత్వపు వినియోగదారుల సంరక్షణ ప్రాధికారసంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకములు వెలువరించినది. ఎంత ప్రయత్నించినను చందా ఆగనిచో 1915 అను వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయింపవచ్చును.

ఏవి ఆపవలెను? ఏవి నిలుపవలెను?

పట్టిక చేతికి వచ్చిన తరువాత తొందరపడి అన్నిటిని కొట్టివేయరాదు. ఇందు మేము చెప్పదలచిన సూత్రము ఒక్కటే. ఈనాడు ఆపి, మంచి దినములు వచ్చిననాడు అదే వెలకు తిరిగి తెచ్చుకొనగల దానిని వెంటనే ఆపుడు. ఒకమారు పోయినచో తిరిగి రానిదానిని, లేక మిక్కిలి నష్టముతో గాని రానిదానిని, ఆకలిని కొంత ఓర్చుకొనియైనను నిలుపుడు.

ఉదాహరణమునకు ఒక సంసారమును ఊహింతము. భర్త బట్టల దుకాణము నష్టపడినది. ఇంటిలో అత్తమామలు, పదవ తరగతి చదువు పిల్లవాడు కలరు. వారి నెలసరి పట్టిక ఇట్లున్నదనుకొందము: సినిమాల చందాలు మూడు కలిసి 650, పాటల చందా 120, ఫోటోల నిల్వకు 130, సామానులు త్వరగా తెచ్చు సభ్యత్వము ఏటికి 1,500, అనగా నెలకు 125, వ్యాయామశాల 1,000, పిల్లవాని పాఠముల ఆప్ 1,500, కేబులు టీవీ 350, ఇంటర్నెట్ 700, ఫోనులు నాలుగు, ఒక్కొక్కటికి 300 చొప్పున 1,200, దినపత్రికయు మాసపత్రికలును 300. మొత్తము 6,075 రూపాయలు, ఏటికి 72,900.

ఇందు సినిమాలు, పాటలు, సామానుల సభ్యత్వము, వ్యాయామశాల నాడే ఆపదగినవి. వీనిలో తిరిగి తెచ్చుకొనలేనిది ఏదియు లేదు. ఫోటోల నిల్వను మాత్రము చూచి ఆపవలెను. పిల్లల చిన్ననాటి ఫోటోలను మొదట వేఱొకచోటికి దింపుకొని పిమ్మట రద్దు చేయుట క్షేమము. ఇంతవఱకు నెలకు 2,025 మిగిలినది. కేబులులో వెలగల చానళ్లను తీసివేసిన 150తో సరిపోవుననుకొందము, 200 మిగులును. నెలసరి చందా లేకయే వచ్చు దూరదర్శన్‌వారి ‘డీడీ ఫ్రీ డిష్’ కూడ కలదు. పళ్లెమునకును పెట్టెకును ఒకమారు ఖర్చగును. అత్తమామల ఫోనులకు ఇంటర్నెట్ అక్కరలేదు. మాటలకును సందేశములకును మాత్రమే చాలు రీచార్జి అమ్మవలెనని ట్రాయ్‌వారు 2024 డిసెంబరులో కంపెనీలను నిర్బంధించియున్నారు. దానివలన ఇద్దఱిమీద 300 తగ్గినదనుకొందము. మొత్తము నెలకు 2,525 మిగిలినది; ఏటికి 30,300 రూపాయలు.

ఇట్టి యింటికి ఆరోగ్యబీమా ప్రీమియము ఏటికి 24,000 ఉండుననుకొనుడు. సొమ్ము లేదని దానిని విడుచుటకు సిద్ధపడిన వారికి, సినిమాలును పాటలును మానిన సొమ్ముతోనే అది తీరి, ఇంకను 6,300 మిగులుచున్నది. చిన్న చందాలను లెక్కించుట పిసినారితనమని నవ్వువారికి ఈ లెక్కయే సమాధానము.

పాఠముల ఆప్ సంగతి పిల్లవానినే అడుగుడు. అతడు నిజముగా దానితో చదువుచున్నచో పరీక్షలు ముగియువఱకు నిలుపుడు. చదువుటలేదని తానే చెప్పినచో ఆపుడు. ఆ ఆప్‌నకు వాయిదాల పేరిట అప్పు తీసికొనబడినదేమో కాగితములు చూచుట మరువకుడు. అప్పు వాయిదా చందా కాదు. దాని విషయము ముందు చెప్పుదుము.

ఒక్క ఫోను సంఖ్యను మాత్రము పోనీయకుడు. బ్యాంకు ఖాతాకును ఆధారునకును జతపడిన సంఖ్య మూతపడినచో, సొమ్ము తీసికొనుటయే కష్టమగును. తక్కువ రీచార్జితోనైనను దానిని నిలుపుకొనవలెను.

విడువరాని చెల్లింపులు

జీవితబీమా ప్రీమియము గడువు తేదీ దాటినంతనే పాలసీ చావదు. నెలసరి చెల్లించువారికి 15 దినములు, తక్కినవారికి 30 దినములు అదనపు గడువు కలదు. ఆ గడువును దాటి పాలసీ ఆగినను, ఇటీవలి సాధారణ పాలసీలను మొదట తప్పిన ప్రీమియము నుండి 5 సంవత్సరములలోపల వడ్డీతో పునరుద్ధరించుకొనవచ్చును; ఆరోగ్యపరీక్ష అడుగవచ్చును. ఆరోగ్యబీమాయందు నష్టము ఇంకను పెద్దది. గడువు దాటి అది పోయినచో, అదివఱకే యున్న వ్యాధులకు వేచియుండవలసిన సంవత్సరములు మొదటినుండి మరల లెక్కింపబడును. చక్కెరవ్యాధి, గుండెజబ్బు గల పెద్దలున్న యింట దీనిని విడుచుట ప్రమాదము.

మఱి రెండు చిన్న చెల్లింపులను పేరుపేరున చెప్పవలెను. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాకు ఏటికి 436 రూపాయలు, సురక్షా బీమాకు ఏటికి 20 రూపాయలు 2022 జూన్ 1 నుండి ఏర్పడిన రుసుములు. ఇవి మే నెల చివర ఖాతానుండి తామే పోవును. చందాలను కొట్టివేయు ఉత్సాహములో కొందఱు వీనినికూడ కొట్టివేయుదురు. కొందఱి ఖాతాలో ఆనాడు 456 రూపాయలు లేక బీమా పోవును. సంపాదించువారు కష్టములోనున్న ఇంటికి 2 లక్షల రూపాయల రక్షణ ఎంతటిదో వేఱుగ చెప్పనక్కరలేదు. మే నెల మధ్యనే ఆ సొమ్మును ఖాతాలో నుంచుడు.

ఆడపిల్ల పేర సుకన్య సమృద్ధి ఖాతా గలవారు నెలకు వేయి, రెండువేలు వేయలేకపోయిన దిగులుపడనక్కరలేదు. ఏటికి 250 రూపాయలు వేసినను ఖాతా నిలుచును. పీపీఎఫ్ ఖాతాకు ఏటికి 500 చాలును. తపాలా కార్యాలయపు నెలసరి పొదుపు ఖాతా అట్లు కాదు. నాలుగు వాయిదాలు తప్పినచో అది నిలిచిపోవును, పిమ్మట రెండు నెలలలోపల మాత్రమే దానిని పునరుద్ధరింపవచ్చును.

చీటీల విషయమున ఇంకను జాగ్రత్త వలయును. 1982 నాటి చిట్ ఫండ్ల చట్టము చీటీ వాయిదాను కూడ చందా యనియే పిలుచుచున్నది. కాని దానిని సినిమాల చందావలె ఆపరాదు. చీటీ పాడుకొని సొమ్ము తీసికొన్నవారు వాయిదా తప్పినచో, మిగిలిన వాయిదాలన్నియు ఒక్కమారుగా కట్టుమని అడుగు హక్కు నిర్వాహకునకు కలదు. హామీ సంతకము చేసిన బంధువుల తలుపుకూడ తట్టబడును. ఇంకను పాడుకొననివారు తప్పకమునుపే నిర్వాహకుని కలిసి, తమ స్థానమున మఱియొకరిని చేర్పించు మార్గమును వ్రాతపూర్వకముగా అడుగుట మంచిది.

అప్పుల వాయిదాలు

ఇంటి అప్పు, బండి అప్పు, బంగారముమీది అప్పు వీని వాయిదాలును ఖాతానుండి తామే పోవును గాని, వీనిని చందాల వరుసలో పెట్టరాదు. ఖాతాలో సొమ్ము లేక వాయిదా తిరిగిపోయినచో బ్యాంకువారొకప్రక్క, అప్పిచ్చినవారొకప్రక్క రుసుము వేయుదురు. అంతియే కాదు, 2007 నాటి చెల్లింపుల చట్టము 25వ సెక్షను ప్రకారము, సొమ్ము చాలక యిట్టి చెల్లింపు తిరిగిపోయి, నోటీసు వచ్చిన 15 దినములలోపల కట్టనిచో, చెల్లని చెక్కు వలెనే అదియు శిక్షార్హమైన నేరము. అందుచేత వాయిదా కట్టలేమని తెలిసిననాడే అప్పిచ్చిన కార్యాలయమునకు పోయి వాయిదా తగ్గించి గడువు పెంచుమని వ్రాసి అడుగుడు. తప్పిన పిమ్మట అడుగుటకును, తప్పకమునుపు అడుగుటకును భేదము చాల కలదు.

చిన్న చందాలు ఈ వాయిదాలకును శత్రువులు. నెల మొదటివారమున ఒక 299 ముందుగా పోయి, వాయిదాకు 100 రూపాయలు చాలక అది తిరిగిపోయిన ఇండ్లు కలవు. తిండికి, మందులకు ఉంచిన సొమ్మును ఏ అనుమతియు లేని వేఱొక ఖాతాలో నుంచుకొనుట దీనికి మందు. కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక ఖాతాను బ్యాంకులలో తెఱువవచ్చును. ఇది అప్పులవారి కన్నుగప్పుటకు కాదు. ఎవరైనను న్యాయముగా అడిగినచో చూపవలసినదే.

వసూలుకు వచ్చువారు తఱచుగా మాటలాడునది ఇంటనున్న స్త్రీలతోనే. ఉదయము 8 గంటలకు ముందును, రాత్రి 7 గంటల తరువాతను వసూలు కొఱకు ఫోను చేయరాదని రిజర్వుబ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించినది. దుర్భాషలాడుటయు, బంధువులయెదుట అవమానించుటయు నిషిద్ధము. ఈ మాట తెలిసియుండుటయే కొంత ధైర్యము.

‘ఐ.పి.’ పెట్టవలసి వచ్చినచో

అప్పులు ఆస్తిని మించిపోయినప్పుడు “ఫలానావారు ఐ.పి. పెట్టిరి” అని మన ఊళ్లలో చెప్పుకొందురు. అది దివాలా పిటిషనునకు ఇంగ్లీషువారి పొడియక్షరముల పేరు. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగము 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు హామీ యిచ్చినవారికి మాత్రము అమలునకు వచ్చినది. మన జిల్లాలలో తక్కినవారికి 1920 నాటి చట్టమే ఆధారము. ఆ మార్గమున పోవువారు న్యాయవాదిని తప్పక కలియవలెను. గృహిణి తెలిసికొనవలసిన సంగతులు కొన్ని మాత్రము చెప్పెదము.

కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, మతాచారము ననుసరించి స్త్రీ విడువరాని మంగళసూత్రమువంటి ఆభరణములు జప్తునకు రావు. చేతిపనివారి పనిముట్లును రావు. భర్త చేసిన అప్పునకు భార్య స్వంత ఆస్తి, ఆమె స్త్రీధనము బాధ్యము కాదు. ఆమె తాను హామీగా సంతకము చేసినచో బాధ్యమే. కాబట్టి, “ఊరకనే యొక సంతకము పెట్టుము” అన్నవారికి చదువక సంతకము పెట్టకుడు. పురుషుడు తన జీవితబీమాను 1874 నాటి వివాహితస్త్రీల ఆస్తి చట్టము క్రింద భార్యాబిడ్డల పేర మొదటనే వ్రాయించియుండినచో, అది వారి ట్రస్టు సొమ్ము. మోసబుద్ధితో తీసికొన్నదైన తప్ప అప్పులవారికి అందదు. అట్టి పాలసీ ప్రీమియమును కష్టదినములలో విడుచుట వలదు.

ఐ.పి. పెట్టబోవుచు ఇల్లును భార్యపేరనో బావమఱదిపేరనో వ్రాయుట వలన ప్రయోజనము లేదు. అంతకు ముందు రెండు సంవత్సరములలో వెల పుచ్చుకొనక చేసిన బదిలీలను కోర్టు రద్దుచేయవచ్చును. దగ్గఱి చుట్టమను పక్షపాతముతో ఒక్కరికే ముందు తీర్చిన బాకీయు, మూడు నెలలలోపలిదైనచో చెల్లదు. ఇంటి పట్టికలో ఏదియు దాచవలసిన పని లేదు. దాచినదే తరువాత చేటగును.

తుదిమాట

ఖర్చు తగ్గించుట యనగా సంతోషమును తగ్గించుట యని పిల్లలకు తోపకుండ చూచుట గృహిణి నేర్పు. ఊరి గ్రంథాలయము ఉండనే యున్నది. మీరు కట్టు ఇంటిపన్నుతో గ్రంథాలయపు సెస్సు ఎప్పటినుండియో పోవుచున్నది. ఇంతకాలము కట్టిన దానిని ఇప్పుడు వాడుకొనుట న్యాయమే.

ఇంత చెప్పి మా పత్రిక చందాను మాత్రము పట్టికనుండి తప్పించుట ధర్మము కాదు. దానినికూడ వ్రాయుడు. మేము చెప్పిన సూత్రము దానికిని వర్తించును: ఇది ఆపి తిరిగి తెచ్చుకొనగలదే. కష్టకాలములో నలుగురు సోదరీమణులు కలిసి ఒక్క ప్రతిని తెప్పించుకొని వంతులుగా చదువుకొన్నను మాకు చిన్నతనము లేదు. ఆ ప్రతి చినుగువఱకు చదువబడినదని సంతోషింతుము.

మంచి దినములు మరల వచ్చును. వచ్చిననాడు ఆపినవానిలో ఏవి నిజముగా కావలెనని తోచునో వానినే, ఒక్కొక్కటిగా, అడిగి తెలిసి తెచ్చుకొనుడు. ఇంటినుండి పోవు ప్రతి రూపాయియు మరల ఒక్కమారు గృహిణి కంటిముందు నిలిచి, సెలవు తీసికొని పోవునట్లు చేయుటయే ఈ పట్టిక ప్రయోజనము. నెల మొదటి తేదీ రాకమునుపే సోదరీమణులు ఈ పనికి పూనుకొందురుగాక.